గోడలు గీకిన దుమ్ము, 16 నెలల బాబు, రక్తంలో సీసం 7: ముందు దేన్ని చూసుకోవాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదండీ. బాబుకి 16 నెలలు, మీ ఆవిడకి నాలుగో నెల. పాత ఇంట్లో వారం రోజులుగా గోడలు, కిటికీలు గీకించి కొత్త రంగు వేయిస్తున్నారు. బాబు వేలి నుంచి తీసిన రక్తంలో సీసం డెసిలీటరుకి 7 మైక్రోగ్రాములు వచ్చింది. మాటలు ఇంకా రాలేదు. రసాయనాల గురించి చదివి భయపడి, ఇంట్లో ప్లాస్టిక్ అంతా తీసి పారేయాలా, ఒంట్లో విషాలు తీసే మందు వాడాలా, మెదడు ఇప్పటికే దెబ్బతిందా అని అడిగారు.

సూటిగా చెబుతాను. గీకే పని ఇవాళే ఆపించండి. గదులన్నీ తడిబట్టతో శుభ్రం అయ్యేదాకా బాబు, మీ ఆవిడ ఆ ఇంట్లో ఉండకూడదు. బాబుకి ఈసారి సిర నుంచి తీసిన రక్తంతో సీసం పరీక్ష మళ్లీ చేయించండి. అదే సూదితో హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ ఎంతో చెప్పేది) కూడా చూడమనండి. మీ ఆవిడకీ సీసం పరీక్ష చేయించండి. ప్లాస్టిక్ సంగతి ఆ తర్వాత. విషాలు తీసే మందులు వద్దే వద్దు. 7 వచ్చిందంటే మెదడు పాడైపోయిందని కాదు. సీసం ఏదో దారిలో ఒంట్లోకి పోతోందని అర్థం. ఆ దారి మూయడమే దీనికి అసలు వైద్యం.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఈ విషయంలో తల్లిదండ్రుల భయం సాధారణంగా తప్పు వరుసలో ఉంటుంది. పాలసీసా ప్లాస్టిక్ గురించి రాత్రంతా చదువుతారు, పక్క గదిలో ఉప్పుకాగితంతో రుద్దుతున్న పాత రంగు మాత్రం మామూలు దుమ్ములాగే కనిపిస్తుంది. గ్రాండ్‌జీన్, లాండ్రిగన్ అనే ఇద్దరు పరిశోధకులు 2006లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో, ఎదిగే మెదడుకి హాని చేస్తాయని మనుషుల్లో ఆధారాలున్న 5 రసాయనాలను గుర్తించారు: సీసం, మిథైల్ మెర్క్యురీ (చేపల్లో చేరే పాదరసం), పీసీబీలు (పాత ట్రాన్స్‌ఫార్మర్ నూనెల్లో వాడినవి), ఆర్సెనిక్, టోలీన్ (రంగుల్ని పలచన చేసే ద్రవం). 2014లో ఇంకో 6 చేర్చారు: మాంగనీస్, ఫ్లోరైడ్, క్లోర్‌పైరిఫాస్, డీడీటీ అనే పురుగుమందులు, టెట్రాక్లోరోఇథిలీన్ (డ్రైక్లీనింగ్ ద్రవం), మంటలను అడ్డుకునే పీబీడీఈలు. అన్నీ ఒకే జాబితాలో ఉన్నాయని అన్నింటి బరువూ ఒకటి కాదు. ఒక్కోదానికి ఆధారాల బలం వేరు, మీ ఇంట్లో దొరికే మోతాదు వేరు, అది చేరే వయసు వేరు. ఈ మూడూ కలిపి చూస్తే మీ ఇంట్లో మొదటి పేరు సీసం. రెండో పేరు చాలా దూరంలో ఉంది.

పసిపిల్లలకే ఎందుకు ఇంత ఎక్కువ?

గర్భం నిలిచిన 28వ రోజుకల్లా మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం మూసుకుపోతుంది. తర్వాతి నెలల్లో నాడీకణాలు పుట్టి, తమ తమ చోట్లకు నడిచి వెళ్లి, ఒకదానితో ఒకటి కలుస్తాయి. గర్భం మొదటి సగంలో బిడ్డకి కావలసిన థైరాయిడ్ హార్మోన్ చాలావరకు తల్లి నుంచే రావాలి. అందుకే తల్లి థైరాయిడ్‌ను కదిలించే రసాయనం బిడ్డ మెదడునీ కదిలిస్తుంది. పుట్టాక రెండేళ్లు నిండేసరికి మెదడు పెద్దల మెదడు పరిమాణంలో సుమారు 80 శాతానికి చేరుతుంది. ఈ పనులన్నీ ఒక క్రమంలో జరగాలి. ఒక దశలో అడ్డం పడితే తర్వాత వెనక్కి వెళ్లి సరిచేసుకునే వీలు తక్కువ. పెద్దవాళ్లకు తాత్కాలికంగా తలనొప్పి తెప్పించే మోతాదు, కడుపులో బిడ్డకి శాశ్వతమైన తేడా తేవచ్చు అనేది ఇందుకే.

బరువుతో పోల్చినప్పుడు కూడా పిల్లల మోతాదు పెద్దది. డబ్బా పాలు తాగే పసిబిడ్డ రోజుకి కిలో బరువుకి సుమారు 150 మిల్లీలీటర్ల ద్రవం తాగుతుంది, పెద్దవాళ్లు 30 దగ్గర ఆగుతారు. అదే కుళాయి, అదే నీళ్లు, మోతాదు మాత్రం ఐదు రెట్లు. దానికి తోడు 16 నెలల పిల్లవాడి లోకమంతా నేల మీదే. నేల మీద ఉన్నది చేతికి, చేతిది నోటికి. పిల్లల రక్తంలో సీసం సాధారణంగా 18 నుంచి 30 నెలల మధ్య గరిష్ఠానికి చేరడానికి కారణం ఈ పాకడం, నోట్లో పెట్టుకోవడమే. మీ బాబు ఇప్పుడే ఆ వయసులోకి అడుగుపెడుతున్నాడు. ఏమీ చేయకుండా వదిలేస్తే 7 అక్కడే ఆగదు.

సీసం లోపలికి వెళ్లి ఏం చేస్తుంది?

శరీరం సీసాన్ని కాల్షియం అని పొరబడుతుంది. నాడీకణాలు ఒకదానికొకటి సంకేతం పంపుకునే చోట కాల్షియం చేయాల్సిన పనిలో ఇది దూరుతుంది. నేర్చుకోవడానికి, జ్ఞాపకానికి అవసరమైన ఎన్‌ఎండీఏ గ్రాహకాలను (నాడీకణాల మీద సంకేతాలు అందుకునే చోట్లను) అడ్డుకుంటుంది. మింగిన సీసంలో పెద్దల పేగు సుమారు 10 శాతాన్ని పీల్చుకుంటే, చిన్నపిల్లల పేగు 50 శాతం దాకా పీల్చుకోగలదు. కడుపు ఖాళీగా ఉంటే ఇంకా ఎక్కువ. ఇనుము తక్కువైతే పేగు ఇనుము కోసం తలుపులు ఎక్కువ తెరుస్తుంది, ఆ తలుపుల్లోంచే సీసమూ వస్తుంది. ఫెరిటిన్ చూడమన్నది అందుకే.

రక్తంలో చేరిన సీసం నెల రోజుల్లో సగానికి తగ్గుతుంది కానీ ఎముకల్లో చేరినది ఏళ్ల తరబడి ఉంటుంది. కాబట్టి దారి మూసిన మర్నాడే అంకె పడిపోవాలని చూడకండి. ఎముకల్లోంచి కొంత తిరిగి రక్తంలోకి వస్తూ ఉంటుంది.

సురక్షితమైన స్థాయి ఎంత అని చాలామంది అడుగుతారు. అలాంటిది లేదనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 1991లో 10 మైక్రోగ్రాముల దగ్గర గీత పెట్టింది, 2012లో దాన్ని 5కి, 2021లో 3.5కి దించింది. ఇది ప్రమాదానికి గీత కాదు, మిగతా పిల్లలకంటే ఈ బిడ్డకి ఎక్కువ సోకుతోంది కాబట్టి పట్టించుకోండి అనే గుర్తు. 2005లో ఏడు బృందాలకు చెందిన 1,333 మంది పిల్లల వివరాలు కలిపి చూసిన విశ్లేషణలో, రక్త సీసం 2.4 నుంచి 10కి పెరిగినప్పుడు ఐక్యూలో సగటున 3.9 పాయింట్లు తగ్గాయి. 10 నుంచి 20కి పెరిగితే ఇంకో 1.9, 20 నుంచి 30కి 1.1. అంటే మొదటి కొద్దిపాటి సీసమే ఎక్కువ నష్టం చేస్తుంది. "మాది పదిలోపే కదా" అని వదిలేయకూడదు అనేది ఇక్కడి నుంచి వచ్చింది.

ఈ అంకెల్ని మీ బాబుకి అంటగట్టకండి. ఇవి గుంపు సగటులు. ఒక పిల్లవాడి తెలివి ఎంత అవుతుందో 7 అనే అంకె చెప్పలేదు. తల్లిదండ్రుల మాటలు, తిండి, నిద్ర, బడి వీటి ప్రభావం ఒక బిడ్డ మీద ఆ మూడు నాలుగు పాయింట్ల కంటే ఎక్కువే ఉండొచ్చు. ఆ సగటు అసలు ప్రతాపం సమాజం స్థాయిలో తెలుస్తుంది. సగటు 100, ప్రామాణిక విచలనం (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పేది) 15 ఉన్న 1,000 మంది పిల్లల్లో ఐక్యూ 70 కంటే తక్కువ ఉండేవాళ్లు 23 మంది. సగటు 5 పాయింట్లు జరిగితే ఆ సంఖ్య 48 అవుతుంది. 130 దాటేవాళ్లు 23 నుంచి 10కి పడిపోతారు. ఒక ఇంట్లో కనిపించని తేడా, ఊరంతటికీ లెక్కేస్తే ఇంత.

ఆపిన పనిని ఎలా ముగించాలి

పైపొర కొత్తదే కదా అనుకోవద్దు, సీసం కింది పొరల్లో ఉంటుంది. రంగులో సీసం ఉందో లేదో తెలియాలంటే పరీక్షకి పంపే పెచ్చు గోడదాకా అన్ని పొరలూ వచ్చేలా కోసి తీయాలి. ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రంతో (ఎక్స్ కిరణాలతో లోహాల్ని పట్టేది) చూపించగలిగితే గోడ పాడవకుండానే తెలుస్తుంది. రుద్ది రంగు మారిందా అని చూసే కిట్లు లేదన్నంత మాత్రాన నమ్మొద్దు, కింది పొరని అవి తప్పిస్తుంటాయి. ఫలితం వచ్చేదాకా సీసం ఉందనుకునే పని చేయండి. ఇప్పుడు చాలా దేశాలు కొత్త రంగులో సీసానికి 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) హద్దు పెట్టాయి. పాత ఎనామెల్ రంగుల్లో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, నారింజ, ఆకుపచ్చ ఛాయల్లో, దానికి ఎన్నో రెట్లు ఉండటం మామూలు.

పెచ్చులు ఊడని గోడని అసలు గీకక్కర్లేదు. శుభ్రంగా తుడిచి, ప్రైమర్ కొట్టి, పైన కొత్త రంగు వేస్తే సీసం లోపలే ఉండిపోతుంది. ఇబ్బంది తలుపులు, కిటికీలతో. తెరిచి మూసినప్పుడల్లా చెక్కకి చెక్క రాసుకుని పొడి రాలుతుంది కాబట్టి వాటిని మార్చడమో, రాసుకునే అంచుల దగ్గర రంగు పూర్తిగా తీసేయడమో చేయాలి.

గీకక తప్పని చోట పద్ధతి ఇది. గదిలో సామానంతా బయటికి తీయాలి, కదలనివాటికి మందపాటి ప్లాస్టిక్ కప్పి అంచులు టేపుతో అంటించాలి. నేల మీద పరిచే ప్లాస్టిక్ పని జరిగే చోటు నుంచి అన్ని వైపులా కనీసం 1.8 మీటర్లు రావాలి. గుమ్మానికి కూడా ప్లాస్టిక్ తెర కట్టాలి. ఫ్యాన్, ఏసీ ఆపేయాలి. స్ప్రే సీసాతో నీళ్లు చల్లి, తడిసిన రంగునే గీకాలి, ఎండితే మళ్లీ చల్లాలి. పొడిగా రుద్దడం, మెషీన్‌తో రుద్దడం, మంటతో కాల్చి ఊడదీయడం, ఈ మూడూ నిషిద్ధం. హీట్ గన్ వేడి 593 డిగ్రీల సెల్సియస్ దాటితే సీసం ఆవిరిగా గాల్లోకి లేస్తుంది. పనివాళ్లకి మామూలు గుడ్డ మాస్కు సరిపోదు, సన్నటి దుమ్మునీ ఆపే పీ100 ఫిల్టరు ఉన్నది కావాలి. వాళ్లు ఆ బట్టలతోనే ఇంటికెళ్తే వాళ్ల పిల్లలకీ ఇదే జరుగుతుంది, దయచేసి ఆ మాట వాళ్లకి చెప్పండి.

పనయ్యాక ప్లాస్టిక్‌ని దుమ్ము లోపలికి వచ్చేలా మడిచి సంచిలో కట్టేయాలి. తర్వాత హెపా ఫిల్టరున్న (సన్నటి పొడినీ పట్టే) వ్యాక్యూమ్, ఆ తర్వాత సబ్బు నీళ్లతో తడిగుడ్డ, ఎండాక మళ్లీ హెపా. మామూలు వ్యాక్యూమ్, చీపురు రెండూ ఇక్కడ హానే చేస్తాయి. సన్నటి పొడి వాటికి దొరకదు, గాల్లోకి లేచి సాయంత్రానికి మళ్లీ నేల మీద వాలుతుంది. రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకదాంట్లో సబ్బు నీళ్లు, ఇంకోదాంట్లో గుడ్డ జాడించడానికి మంచి నీళ్లు. ఒకే బకెట్‌తో తుడిస్తే మొదటి గదిలోని సీసాన్ని చివరి గదిదాకా పులిమినట్టే. కిటికీ గట్టులు ఎక్కువగా మర్చిపోతారు. పిల్లలు పట్టుకుని నిలబడేది, నోరు పెట్టేది వాటి దగ్గరే.

ఇంటికి తిరిగొచ్చాక వారానికి రెండు మూడుసార్లు తడితుడుపు. బయటి చెప్పులు గుమ్మం దగ్గరే. తినేముందు, పడుకునేముందు బాబు చేతులు సబ్బుతో, పారే నీళ్ల కింద కడగాలి. శానిటైజర్ క్రిముల్ని చంపుతుందేమో కానీ సీసాన్ని తీయదు. నోట్లో పెట్టుకునే బొమ్మల్ని రోజూ కడగండి. ఉతకడానికి కుదరని మెత్తటి బొమ్మలు ఆ వారం పని జరిగిన గదిలో ఉండి ఉంటే వదులుకోవడమే మేలు.

పరీక్ష అంకెని ఎలా చదవాలి

వేలి నుంచి తీసిన రక్తానికి చర్మం మీది దుమ్ము కలిస్తే అంకె పెరిగి కనిపిస్తుంది. ఇల్లంతా దుమ్ముగా ఉన్న వారంలో తీశారు కాబట్టి ఆ అవకాశం మీ విషయంలో నిజంగానే ఉంది. సిర రక్తమే ప్రమాణం. మామూలుగా 3.5 నుంచి 9 మధ్య వస్తే మూడు నెలల్లోపు సిర పరీక్షతో నిర్ధారించుకోమంటారు. 10 నుంచి 19 అయితే నెలలోపు, 20 నుంచి 44 అయితే రెండు వారాల్లో, 45 దాటితే 48 గంటల్లో. మీ ఇంట్లో సీసం రేగడం ఇప్పుడే జరుగుతోంది కనుక మూడు నెలలు ఆగొద్దు, ఈ వారమే చేయించండి. దారి మూశాక మూడు నెలలకి ఇంకోసారి.

అప్పటికీ తగ్గకపోతే దుమ్ము ఒక్కటే కాదని అర్థం. అప్పుడు వెతకాల్సినవి: సీసపు గొట్టాలు లేదా సీసం కలిసిన అతుకులున్న నీటి లైను, నాసిరకం గ్లేజు వేసిన మట్టి పాత్రలు, తుక్కు లోహం కరిగించి పోసిన అల్యూమినియం గిన్నెలు, రంగు కోసం లెడ్ క్రోమేట్ (సీసం ఉన్న పసుపు రంగు) కలిపిన మసాలా పొడులు, సీసపు ఖనిజంతో చేసిన కంటి సుర్మా, కొన్ని రసౌషధాలు, ఇంట్లో ఎవరైనా బ్యాటరీ, సోల్డరింగ్ లేదా తుక్కు పని చేస్తుంటే వాళ్ల బట్టలు. పని నుంచి ఇళ్లకి చేరే సీసపు దుమ్ము ఎంత కీడు చేయగలదో రెండు చోట్ల బయటపడింది. సెనెగల్‌లో డకార్ పక్కన థియారోయ్‌లో పాత బ్యాటరీల సీసం వల్ల 2007-08లో 18 మంది పిల్లలు చనిపోయారు. 2010లో నైజీరియాలోని జంఫారాలో బంగారు ఖనిజాన్ని ఇళ్ల దగ్గరే దంచడంతో వందల మంది పిల్లల్ని పోగొట్టుకున్నారు. మీది ఆ స్థాయి కాదు, దారి మాత్రం అదే: దుమ్ము, చెయ్యి, నోరు.

నీళ్ల విషయంలో చేయగలిగినవి తేలిక. రాత్రంతా గొట్టంలో నిలిచిన నీళ్లు కాసేపు వదిలేశాక పట్టుకోండి. తాగడానికి, వంటకి, డబ్బా పాలకి వేడినీళ్ల కుళాయి వాడొద్దు, వేడినీళ్లు గొట్టంలోంచి సీసాన్ని ఎక్కువ లాగుతాయి. మరగబెడితే సీసం పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఆర్సెనిక్, ఫ్లోరైడ్, మాంగనీస్‌లకీ ఇదే సూత్రం. ఫిల్టరు కొంటే డబ్బా మీద సీసం అనే మాట, నీటి ఫిల్టర్లకిచ్చే ఎన్‌ఎస్‌ఎఫ్ 53 (ఆర్‌ఓ అయితే 58) ధ్రువీకరణ ఉందో లేదో చూడండి. గడువు దాటిన ఫిల్టరు మీద నమ్మకం పెట్టుకోవద్దు.

మందులు ఎందుకు వద్దంటున్నాను

సీసాన్ని బయటికి లాగే చిలేషన్ మందులు ఉన్నాయి, అవి ప్రాణాలు కాపాడతాయి కూడా. వాటి చోటు 45 పైన, ఆసుపత్రి పర్యవేక్షణలో. 20 నుంచి 44 మధ్య ఉన్న 780 మంది పిల్లలకి సక్సిమర్ అనే చిలేషన్ మందు లేదా ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూసిన పరీక్ష ఫలితాలు 2001లో వచ్చాయి. మందు రక్తంలో సీసాన్ని తగ్గించింది కానీ పిల్లల తెలివితేటల పరీక్షల్లో ఏ తేడా తేలేదు. జరిగిన పనిని మందు వెనక్కి తిప్పలేదు. ఇంట్లో సీసం ఉండగానే మందు ఇస్తే పేగు ఇంకా ఎక్కువ పీల్చుకునే ప్రమాదం కూడా ఉంది. 7కి చిలేషన్ అని ఎవరైనా అంటే అక్కడి నుంచి వచ్చేయండి. 2003-2005 మధ్య అమెరికాలో కాల్షియం ఈడీటీఏ అనే చిలేషన్ మందు వాడాల్సిన చోట సోడియం ఈడీటీఏ ఎక్కించడంతో రక్తంలో కాల్షియం పడిపోయి ఇద్దరు పిల్లలు చనిపోయారు. పేర్లలో తేడా ఒక్క మాటే.

వెంట్రుకల పరీక్ష, మందు ఇచ్చి ఆ తర్వాత మూత్రం పట్టి చేసే లోహాల పరీక్ష, ఈ రెండిటికీ డబ్బు పెట్టకండి. వెంట్రుకకి బయటి దుమ్ము అంటుకుంటుంది. మందు ఇచ్చాక ఎవరి మూత్రంలోనైనా లోహాలు పెరుగుతాయి, ఆరోగ్యవంతుడిలోనూ పెరుగుతాయి. దాన్ని మందివ్వని మనిషికి వేసిన హద్దులతో పోల్చి భయపెడతారు.

నిజంగా పనికొచ్చేది తిండి. ఈ వయసు బిడ్డకి రోజుకి 7 మిల్లీగ్రాముల ఇనుము, 700 మిల్లీగ్రాముల కాల్షియం అందాలి. ఫెరిటిన్ తక్కువైతే ఐరన్ చుక్కలు, మోతాదు డాక్టరు చెప్పినంతే. కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టండి, కడుపు ఖాళీగా ఉంచొద్దు.

మీ ఆవిడ విషయం

సీసం మాయను (ప్లాసెంటాను) సులువుగా దాటుతుంది. గర్భంలో తల్లి ఎముకల్లోంచి కాల్షియం కరిగినప్పుడు చిన్నప్పుడెప్పుడో చేరిన సీసం కూడా దానితో పాటు వస్తుంది. అందుకే కాల్షియం, ఐరన్ మాత్రలు మానకుండా వేసుకోవాలి. రెండూ ఒకే పూట వేసుకుంటే ఇనుము సరిగా ఒంటికి పట్టదు, వేర్వేరు పూటల్లో వేసుకోమనండి. అయోడిన్ రోజుకి 250 మైక్రోగ్రాములు అందాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అయోడిన్ చాలని తల్లి థైరాయిడ్‌ను రసాయనాలు తేలిగ్గా కుదిపేస్తాయి. తల్లి రక్త సీసం 40 లోపు ఉంటే పాలివ్వడం మానక్కర్లేదు.

పాదరసం విషయంలో ఫ్యాక్టరీ వదిలిన పాదరసం చేరిన చేపల్ని జనం తిన్న జపాన్‌లోని మినమాటా అందరికీ పాఠం. అక్కడి జబ్బు 1956లో అధికారికంగా గుర్తింపులోకి వచ్చింది. తమకి పెద్దగా లక్షణాలు లేని తల్లులకి తీవ్రమైన మెదడు దెబ్బతో బిడ్డలు పుట్టారు. తల్లి రక్తంలో కంటే బొడ్డుతాడు రక్తంలో మిథైల్ మెర్క్యురీ ఎక్కువగా ఉంటుందని, మాయ దాన్ని ఆపలేదని తర్వాత తేలింది. ఉత్తర అట్లాంటిక్‌లోని ఫెరో దీవుల్లో 1986-87లో పుట్టిన వెయ్యి మందికి పైగా పిల్లల్ని అనుసరించినప్పుడు, చాలా తక్కువ మోతాదుల దగ్గరా భాష, ఏకాగ్రత, జ్ఞాపకాల్లో తేడాలు కనిపించాయి. అక్కడ పాదరసం ఎక్కువగా తిమింగలం మాంసం నుంచి వచ్చింది.

దీన్ని చదివి చేపలు పూర్తిగా మానేసేవాళ్లున్నారు, అది తప్పు. చేపలో ఉండే డీహెచ్‌ఏ (ఒక ఒమేగా-3 కొవ్వు), అయోడిన్ మెదడుకి కావాలి. వేరే చేపల్ని తిని బతికే పెద్ద చేపలు మానాలి: సొర, స్వోర్డ్‌ఫిష్, మార్లిన్, బిగ్‌ఐ ట్యూనా. చిన్నవి, తక్కువ కాలం బతికేవి, కవళ్లు, నెత్తళ్లలాంటివి, వారానికి 225 నుంచి 340 గ్రాముల దాకా తినొచ్చు. వండితే పాదరసం పోదు, అది కండలోనే ఉంటుంది, కొవ్వు తీసేసినా లాభం లేదు. ఇంట్లో పాదరసం థర్మామీటరు పగిలితే చీపురు, వ్యాక్యూమ్ తాకించొద్దు. కిటికీలు తెరిచి, పిల్లల్ని బయటికి పంపి, గట్టి కాగితంతో గుండ్లని ఒకచోటికి తోసి, డ్రాపర్‌తో పీల్చి, మూతున్న సీసాలో వేయాలి.

బొద్దింకల మందు

రంగు పని అయ్యాక ఇల్లంతా పురుగుమందు కొట్టించే ఆలోచన ఉంటే మానుకోండి. క్లోర్‌పైరిఫాస్ గర్భంలో ఎక్కువగా సోకిన పిల్లల్లో ఏడేళ్ల వయసులో జ్ఞాపకశక్తి, ఐక్యూ తగ్గినట్టు న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్ల అధ్యయనం 2011లో చూపించింది. కాలిఫోర్నియా పొలాల దగ్గర చేసిన చమాకోస్ అధ్యయనంలో ఆ రకానికే చెందిన పురుగుమందులతో (ఆర్గానోఫాస్ఫేట్లతో) అలాంటి ఫలితమే వచ్చింది. ఈ మందుల్ని విరిచే పీఓఎన్1 ఎంజైమ్ పసిపిల్లల్లో పెద్దలకంటే బాగా తక్కువ. ఇంట్లో చల్లిన మందు ఆరిందంటే పోయిందనుకోవడం పెద్ద పొరపాటు. చల్లిన తర్వాత రెండు వారాల దాకా అది గాల్లోకి లేచి బొమ్మల మీద, పరుపుల మీద చేరుతూనే ఉంటుందని 1998లోనే కొలిచి చూపించారు. పగుళ్లు, గొట్టాల చుట్టూ సందులు మూయించండి, రాత్రి తడి ఉంచొద్దు, పిల్లల చెయ్యి అందని మూలల్లో జెల్ ఎర పెట్టండి. మిగిలిన మందుని ఎప్పుడూ తాగే సీసాలో పోయొద్దు.

ఇక మీరు అడిగిన ప్లాస్టిక్

థాలేట్లు (ప్లాస్టిక్‌ని మెత్తబరిచేవి) గర్భంలో ఎక్కువగా సోకిన పిల్లల్లో భాష ఆలస్యమైనట్టు 2018లో స్వీడన్, అమెరికా పిల్లల మీద చేసిన అధ్యయనం చెప్పింది. గట్టి ప్లాస్టిక్‌లో వాడే బిస్ఫినాల్ ఏ మీద ఆధారాలు అంతకంటే బలహీనం. ఇవి ఒంట్లో గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో పోతాయి. అంటే వాడకం తగ్గించిన వారంలోనే మోతాదు పడిపోతుంది, భయపడి ఇల్లు ఖాళీ చేయక్కర్లేదు. వేడి పదార్థం ప్లాస్టిక్‌లో పోయొద్దు, మైక్రోవేవ్‌లో గాజు వాడండి, సువాసన కలిపిన లోషన్లు గర్భంలో తగ్గించండి, చిరిగిన పాత ఫోమ్ పరుపులు, సోఫాలు తీసేయండి (మంటలు ఆపే పీబీడీఈలు ఆ పొడిలో ఉంటాయి). అంతకంటే ఖాయంగా హాని చేసేవి మద్యం, పొగ. గర్భంలో మద్యం ఒక్క చుక్క వద్దు, ఇంట్లో ఎవరూ పొగ తాగొద్దు, బయట తాగొచ్చినవాళ్లు చొక్కా మార్చుకుని బిడ్డని ఎత్తుకోవాలి.

బోరు నీళ్లు వాడుతుంటే ఒకసారి పరీక్ష చేయించండి. ఆర్సెనిక్ లీటరుకి 10 మైక్రోగ్రాములు, ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు, మాంగనీస్ 80 మైక్రోగ్రాములు దాటకూడదన్నవి ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దులు. డబ్బా పాలు కలిపే ఇంట్లో మాంగనీస్ అంకె తప్పకుండా చూడాలి. పసిబిడ్డ పేగు దాన్ని ఎక్కువ పీల్చుకుంటుంది, బయటికి పంపేది తక్కువ.

మాటలు రాకపోవడం

దీన్ని సీసం ఖాతాలో వేసి ఊరుకోకండి. 7 దగ్గర సీసం ఒక్కటే 16 నెలల బిడ్డని పూర్తిగా మాటల్లేకుండా చేయదు. 16 నెలలకి ఒక్క అర్థవంతమైన మాట కూడా లేకపోతే మొదటి పరీక్ష వినికిడిది. చప్పట్లకి తిరుగుతున్నాడు కదా అని వదిలేయొద్దు, కొన్ని స్థాయిల శబ్దాలు మాత్రమే వినబడని పిల్లలూ అలాగే తిరుగుతారు. పేరు పెట్టి పిలిస్తే చూస్తాడా, వేలితో చూపించి మీ మొహం వైపు చూస్తాడా, చెయ్యి ఊపుతాడా, ఈ మూడూ రాసుకుని పిల్లల డాక్టరుకి చెప్పండి. 16 నుంచి 30 నెలల మధ్య చేసే, ఆటిజం సూచనల్ని పసిగట్టే ఎంచాట్ ప్రశ్నావళిని అడిగి చేయించండి. సీసం పెట్టిన ఎలుకలకి ఆడుకునే వస్తువులు, తోడు ఉన్న గూళ్లు ఇస్తే నేర్చుకోవడంలో వచ్చిన లోటు చాలావరకు తగ్గినట్టు 2003లో ప్రయోగాల్లో కనిపించింది. ఇక్కడ మందు చేయలేనిది మీ మాటలు, పాటలు, ఒళ్లో కూర్చోబెట్టుకుని చూపించే బొమ్మల పుస్తకం కొంతైనా చేస్తాయి. స్పీచ్ థెరపీ అవసరమైతే సీసం తగ్గేదాకా ఆగక్కర్లేదు, ఇప్పుడే మొదలుపెట్టండి.

సిర రక్తం ఫలితం, ఫెరిటిన్, మీ ఆవిడ సీసం అంకె, రంగు పెచ్చు రిపోర్టు వచ్చాక నాలుగూ ఇక్కడే కింద రాయండి. ఇల్లు కట్టిన సంవత్సరం, నీటి గొట్టాలు దేనితో చేసినవో కూడా రాస్తే తర్వాత ఏం చూడాలో చెప్పడం తేలికవుతుంది.